బొమ్మ వెనక వైపు

అగ్గిపెట్టె మీది లేబులు, సిగరెట్ పెట్టెలో వచ్చే బొమ్మ కార్డు, బబుల్‌గమ్‌తో వచ్చే స్టిక్కరు, సినిమా హాలు ముందు అమ్మే పాటల పుస్తకం. వీటిలో ఏ ఒక్కటీ దాచుకోవడానికి అచ్చేసింది కాదు, చూసి పారేయడానికే వేశారు. అయినా ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒక పిల్లవాడు వాటిని ఏరుకొచ్చి, దుమ్ము దులిపి, నోటు పుస్తకం మధ్యలో దాచుకున్నాడు. ప్రపంచంలో చాలాచోట్ల ఆ పిల్లలే పెద్దవాళ్లయ్యాక ఆ కాగితాలను ఫొటో తీయించి, మంచి కాగితం మీద, గట్టి అట్టతో పుస్తకాలుగా తెచ్చారు. ఈ అధ్యాయం ఆ పుస్తకాలను సేకరించడం గురించి. నెల్లూరు జిల్లా జలదంకిలో ఉంటూ, నెల జీతంతోనో పొగాకు అమ్మిన డబ్బుతోనో ఇల్లు నడుపుకుంటూ కూడా ఈ పని పద్ధతిగా చేయొచ్చు.

అసలు కార్డుల జోలికి పోకుండా పుస్తకాలే ఎందుకు కొనమంటున్నానో ముందు చెబుతాను. పాత కార్డు ఒక్కొక్కటిగా కొనాలి. అది నిజమైనదా, కలర్ జిరాక్సా అన్నది చూపు బాగా అలవాటైతే తప్ప తెలియదు. సెట్టులో ఒక్కటి తక్కువైనా ఆ ఒక్కదాని కోసం మిగతా అన్నిటికంటే ఎక్కువ పెట్టాల్సి వస్తుంది. పుస్తకమైతే సెట్టు మొత్తం వరసగా ఉంటుంది. గీసినవాళ్లు ఎవరో, అచ్చేసిన కంపెనీ ఏదో, ఎందుకు ఆపేశారో ముందుమాటలో ఉంటుంది. సొంతం చేసుకోవాలన్న కోరిక కొంత తీరుతుంది, తెలుసుకోవాలన్న కోరిక మాత్రం పూర్తిగా తీరుతుంది. నా లెక్కలో రెండోదే పెద్దది.

అయితే అన్ని పుస్తకాలూ ఒకటి కావు. నేను పెట్టుకున్న గీటురాయి ఒకటే: ఈ పుస్తకం బొమ్మ వెనక వైపు కూడా చూపిస్తుందా? ముందు వైపు రంగులు ఎవరైనా అచ్చేయగలరు. వెనక వైపు వేసినవాళ్లే ఆ కాగితాన్ని గౌరవించినట్టు లెక్క.

ఇది ఎంత ముఖ్యమో తెలియాలంటే ఒక పుస్తకాన్ని దగ్గరగా చూడాలి. అమెరికాలో బ్రూక్లిన్‌కు చెందిన టాప్స్ కంపెనీ 1962లో ‘మార్స్ ఎటాక్స్’ అనే 55 కార్డుల సెట్టు తెచ్చింది. అంగారక గ్రహం నుంచి వచ్చిన సైన్యం భూమిని నాశనం చేయడం దాని కథ. లెన్ బ్రౌన్, వుడీ గెల్మన్ ఆలోచన చేశారు. వాలీ వుడ్, బాబ్ పావెల్ స్కెచ్‌లు వేశారు. నార్మన్ సాండర్స్ రంగులద్దాడు. మెదడు బయటికి కనిపించే ఆ పెద్ద తలల సైనికుల్ని, మంటల్లో కాలుతున్న నగరాల్ని చూసి పెద్దలు గోల పెట్టారు. కంపెనీ అమ్మకం ఆపేసింది. సరిగ్గా 50 ఏళ్లకు, 2012లో, ఏబ్రమ్స్ సంస్థ ఆ సెట్టు మొత్తాన్ని గట్టి అట్ట పుస్తకంగా వేసింది. ముందుమాట లెన్ బ్రౌన్‌దే, చివరిమాట సాండర్స్ కూతురు జీనా సాండర్స్‌ది.

కార్డు ముందు వైపు ఉన్నది ఒక్క దృశ్యం. కథంతా వెనక వైపే. కార్డు నంబరు, ఓ పేరా కథ, చివర తర్వాతి కార్డు చూడమనే సూచన. పిల్లవాడు తర్వాతి పొట్లం కొనడానికి పరిగెత్తేది ఆ వెనక వైపు చదివాకే. బొమ్మలు మాత్రం వేసి వెనక వైపు వదిలేస్తే ఆ పుస్తకంలో భయం మిగులుతుంది గానీ కథ మిగలదు. ఇంకో సంగతి, కార్డుల మీద టాప్స్ పేరు లేదు. బబుల్స్ ఇన్‌కార్పొరేటెడ్ అని ఉంది. గొడవ వస్తుందని కంపెనీకి ముందే అనుమానం ఉందని ఆ ఒక్క చిన్న లైనే చెబుతోంది. వెనక వైపు చదివేవాడికి ఇలాంటివి దొరుకుతాయి.

ఆ వరసలో ఏబ్రమ్స్ మరికొన్ని వేసింది. ఇంట్లో వాడే సరుకుల పేర్లను వెక్కిరించే ‘వాకీ ప్యాకేజెస్’ స్టిక్కర్ల పుస్తకం 2008లో వచ్చింది. పాత బబుల్‌గమ్ మైనపు కాగితాన్ని గుర్తుకుతెచ్చేలా దాని పైచొక్కా ఉంటుంది. ముందుమాట ఆర్ట్ స్పీగెల్‌మన్‌ది. ‘మౌస్’ అనే చిత్రకథకు 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం అందుకున్న ఆయన, ఇరవై ఏళ్లు టాప్స్‌లో పనిచేసి ఈ స్టిక్కర్లకు, ఆ తర్వాత 1985లో వచ్చిన ‘గార్బేజ్ పెయిల్ కిడ్స్’కు ఆలోచనలు అందించినవాడు. స్టార్ ట్రెక్ కార్డుల పుస్తకం 2013లో, స్టార్ వార్స్ మొదటి అయిదు సిరీస్‌ల 330 కార్డుల పుస్తకం 2015లో వచ్చాయి. ఆ స్టార్ వార్స్ కార్డులకు అప్పట్లో ఎడిటర్‌గా ఉన్న గ్యారీ జెరానీయే పుస్తకానికీ రాశాడు. పని చేసిన మనిషే వెనక్కి తిరిగి చెప్పిన పుస్తకం ఎప్పుడూ ఎక్కువ విలువ చేస్తుంది. కొనేముందు రచయిత పేరు కాక, ఆ రచయితకు ఆ కార్డులతో ఉన్న సంబంధం చూడండి.

ఇదంతా ఎక్కడో అమెరికా ముచ్చట, మనకేంటి అనిపించొచ్చు. మన పొలాల్లో పండే ఆకుతోనే దీనికి సంబంధం ఉంది. బొమ్మ కార్డుకు పుట్టినిల్లు సిగరెట్ పెట్టె. మెత్తటి కాగితపు పొట్లంలో సిగరెట్లు నలిగిపోకుండా ఒక గట్టి అట్టముక్క పెట్టేవాళ్లు. ఖాళీగా ఎందుకని 1880ల్లో అమెరికాలో ఆలెన్ అండ్ గింటర్ లాంటి కంపెనీలు దాని మీద బొమ్మలు వేయడం మొదలుపెట్టాయి. ఇంగ్లండులో విల్స్ కంపెనీ అదే బాట పట్టింది. పక్షులు, ఓడలు, జెండాలు, రాజులు అన్నీ కార్డులెక్కాయి. రెండో ప్రపంచ యుద్ధంలో కాగితం కరువై 1940లో అక్కడ ఆగిపోయాయి. 1938లో టాప్స్‌ను మొదలుపెట్టిన కుటుంబం అంతకుముందు చేసింది పొగాకు వ్యాపారమే, ఆ కంపెనీ పేరు అమెరికన్ లీఫ్ టొబాకో. ఇక్కడ ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ 1912లో ఏర్పడి, గుంటూరు కేంద్రంగా వర్జీనియా ఆకును మన రైతులకు అలవాటు చేసింది. ఇప్పుడు మన పక్కనున్న కలిగిరిలో, ఆత్మకూరు వైపు డి.సి.పల్లిలో టొబాకో బోర్డు వేలం కేంద్రాలున్నాయి. సిగరెట్ కార్డుల పుస్తకం తెరిచే జలదంకి పాఠకుడు పరాయివాడు కాడు. ఆ కార్డుకు డబ్బిచ్చిన పంట అతని ఇంట్లోనూ పండింది.

ఈ సంబంధం ఇంట్లో కూడా పనికొస్తుంది. పుస్తకం పార్శిల్ విప్పగానే నాన్నగారు అడుగుతారు: “ఏందిరా, ఒక్క బొమ్మల పుస్తకానికి ఇంత డబ్బా?” వాదనకు దిగొద్దు. “నాయనా, సిగరెట్ పెట్టెల్లో వచ్చే బొమ్మలంట, ఒకసారి చూడు” అని సిగరెట్ కార్డుల పేజీ ఆయన చేతికివ్వండి. పొగాకు బ్యారన్ దగ్గర రాత్రుళ్లు మేలుకొని ఆకు కాల్చిన మనిషి ఆ పేజీని ఊరికే తిప్పేయడు. చార్మినార్ పెట్టెలు చించి అట్టలు చేసుకున్న రోజులు, నేల మీద గుండ్రంగా గీత గీసి, అట్టలు లోపల పేర్చి, బిళ్లతో కొట్టి బయటికి పంపినవన్నీ గెలుచుకున్న ఆట, ఏ అట్టకు ఎంత విలువ కట్టేవాళ్లో, అన్నీ బయటికొస్తాయి. వింటూ రాసుకోండి. ఆ చార్మినార్ హైదరాబాద్‌లో వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ తయారీ అని పక్కన చేర్చుకోండి. సేకరణలో మీరు మొదట రాసే వెనక వైపు అదే.

మన దేశపు పుస్తకాల్లో అగ్గిపెట్టె లేబుళ్లతో మొదలుపెట్టమని నా సలహా. 1922లో శివకాశికి చెందిన అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి అగ్గిపుల్లల తయారీ నేర్చుకున్నారు. మరుసటి ఏడు తిరిగొచ్చి సొంత ఊళ్లో మొదలుపెట్టారు. లేబుళ్లు కావాలి కాబట్టి అచ్చు యంత్రాలు వచ్చాయి. ఆ యంత్రాల మీదే తర్వాత టపాసుల లేబుళ్లు, మన ఇళ్లలో గోడకు వేలాడే దేవుడి క్యాలెండర్లు అచ్చయ్యాయి. చిరుతతో మనిషి కలబడే చీతా ఫైట్ పెట్టె తెలియని తెలుగు వంటిల్లు లేదు. ఈ లేబుళ్ల మీద రెండు పుస్తకాలు 2007లోనే వచ్చాయి. ఒకటి షాహిద్ దాతావాలా సేకరణతో చెన్నై తారా బుక్స్ వేసిన ‘మ్యాచ్‌బుక్’. రెండోది అమెరికాలో వారెన్ డాట్జ్ తెచ్చిన ‘లైట్ ఆఫ్ ఇండియా’. బడి గోడల మీద వేలాడే నీతి చార్టుల మీద ‘యాన్ ఐడియల్ బాయ్’ అనే పుస్తకం 2001లో వచ్చింది. పొద్దున్నే లేవడం, పెద్దలకు నమస్కారం పెట్టడం నేర్పే ఆ చార్టులు మనందరికీ చిన్నప్పటి నుంచి తెలిసినవే. వాటిని పుస్తకంలో చూస్తే, మనకు మంచితనం ఎవరు ఏ రంగుల్లో నేర్పారో అర్థమవుతుంది. తారా బుక్స్ కార్యాలయం చెన్నైలో తిరువాన్మియూరులో ఉంది. కావలిలో పినాకిని రైలు ఎక్కితే చెన్నై చేరేది కొన్ని గంటల్లోనే. వైద్యానికో పెళ్లి బట్టలకో చెన్నై పోయినప్పుడు ఒక పూట దానికి కేటాయించుకోండి. పుస్తకం చేత్తో పట్టుకుని చూసి కొనడంలో ఉన్న నమ్మకం ఫోన్‌లో చూసి కొనడంలో రాదు.

తెలుగులో ఈ జాతి పుస్తకాలు తక్కువ. ఉన్నవాటిలో తప్పక వెతికి తెచ్చుకోవాల్సింది ప్రచార చిత్రకారుడు ఈశ్వర్ రాసిన ‘సినిమా పోస్టర్’. బాపు దర్శకత్వంలో 1967లో వచ్చిన ‘సాక్షి’తో మొదలుపెట్టి, వందలాది సినిమాలకు పోస్టర్లు గీసిన ఆయన, గోడల మీద చినిగిపోయే కాగితం వెనక ఉన్న మనుషుల్ని ఆ పుస్తకంలోకి తెచ్చారు. దానికి నంది పురస్కారం కూడా వచ్చింది.

మిగతావాటి కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. మనకు ఇంకో సంప్రదాయం ఉంది, బైండింగ్. వారపత్రికల్లో వచ్చే సీరియల్ పేజీలు వారం వారం చించి దాచి, అయిపోగానే కాలికో అట్ట వేయించుకున్న ఇళ్లు మన జిల్లాలో ఎన్నో. చందమామల్ని ఏడాదికొక సంపుటంగా కుట్టించుకున్నవాళ్లూ అంతే. 1947 జులైలో మొదలైన ఆ పత్రికకు వడ్డాది పాపయ్య, చిత్రా, శంకర్ వేసిన బొమ్మలు ఈ రోజుకీ చెక్కుచెదరకుండా కనిపిస్తున్నాయంటే, ఆ గట్టి అట్టలే చాలావరకు కారణం. మీ ఇంట్లో అటక మీద పాటల పుస్తకాల కట్ట ఉంటే అది కూడా ఒక సంపుటం కావాల్సిందే. ముందు పేజీలో హీరో హీరోయిన్ల బొమ్మ, లోపల కథ సగం చెప్పి మిగతాది వెండితెర మీద చూడమనడం, తర్వాత పాటలు. నాలుగైదు కాగితాల్లో ఒక సినిమా మొత్తం.

బైండింగ్ షాపులో మాత్రం పక్కనే నిలబడండి. అక్కడ జరిగే మాటలు ఇంచుమించు ఇలా ఉంటాయి.

“అన్నా, అంచులు కటింగ్ మిషన్‌లో పెట్టొద్దు.”

“కొయ్యకపోతే ఎచ్చుతగ్గులుగా ఉంటయ్ కదయ్యా, చూసేదానికి బాగుండదు.”

“ఉండనీ అన్నా. ప్రెస్సు పేరు అడుగంచు మీదే ఉంది. కోస్తే అది పోద్ది.”

ఆ చిన్న అక్షరాల లైను మీద నాకు ఎంతో మమకారం. అచ్చేసిన ప్రతి పుస్తకం మీదా ముద్రాపకుడి పేరు, ఊరు ఉండాలని 1867 నాటి ప్రెస్ చట్టం చెప్పింది. అందుకే ఎంత చౌక పాటల పుస్తకమైనా ఏదో మూల ఆ లైను కనిపిస్తుంది. పిల్లలకు అది కాగితం చివర ఉన్న మరక. సేకరించేవాడికి అది మద్రాసులోనో, విజయవాడలోనో, తెనాలిలోనో ఒక ప్రెస్సు ఉందనడానికి సాక్ష్యం. దాన్ని కోయించారంటే వెనక వైపు పోగొట్టుకున్నట్టే. ఇంకో రెండు మాటలు కూడా అక్కడే చెప్పండి. పిన్నులు తీసేసి దారంతో కుట్టమనండి, పిన్ను తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తుంది. జిగురులో మైలుతుత్తం కలపమనండి, ఉత్త మైదా జిగురు పురుగుకు విందు.

డబ్బు విషయం. ఒక్క అర పెట్టుకోండి, అంతే. మూడడుగుల చెక్క అర నిండేదాకా కొనండి. నిండాక కొత్తది రావాలంటే పాతదొకటి మరో పాఠకుడి ఇంటికి వెళ్లాలి. ఈ హద్దు లేకపోతే సేకరణ అప్పులోకి దించుతుంది, ఉంటే ఎంపిక నేర్పిస్తుంది. పంట డబ్బు చేతికి వచ్చే కాలంలో ఏడాదికి ఒకటి రెండు మంచివి చాలు. పాత ప్రతి కొనేటప్పుడు అమ్మేవాణ్ని నాలుగు సంగతులు అడగాలి: పైచొక్కా ఉందా, పుస్తకంతో ఇచ్చిన కానుక కార్డులు ఉన్నాయా, పేజీలు అన్నీ ఉన్నాయా, లోపల గ్రంథాలయం ముద్ర ఉందా. ముద్ర ఉన్నంత మాత్రాన దొంగది కాదు, రద్దు చేసిన గుర్తు కూడా ఉండాలి. చివరి పేజీ ఫొటో పంపమంటే నిజాయితీపరుడు పంపుతాడు. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, విజయవాడ పుస్తక మహోత్సవంలో వెతకడం నాకు ఇష్టం. అక్కడ పుస్తకం తెరిచి వాసన చూసి, వెన్ను తట్టి చూసి కొనొచ్చు.

చేతికి వచ్చిన పుస్తకంలో మొదట భూతద్దం పెట్టి ఒక బొమ్మ చూడండి. అచ్చు అంతా నాలుగు రంగుల చుక్కల కూర్పే. పాత కార్డు కూడా చుక్కలతోనే అచ్చయింది, దాన్ని ఫొటో తీసి మళ్లీ చుక్కల్లో అచ్చేశారు. పని బాగా చేసినవాళ్లు పాత చుక్కల అల్లిక కనబడనిస్తారు, కాగితం పసుపును, మూలల అరుగుదలను అలాగే ఉంచుతారు. పని తెలియనివాళ్లు కంప్యూటర్‌లో తెల్లగా ఉతికేస్తారు, బొమ్మ మీద అలల్లాంటి గీతలు తేలతాయి. అసలు కొలత రాశారా లేదా అన్నది రెండో పరీక్ష. మామూలు కార్డు రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు. పేజీ నిండా పెంచి వేసినా తప్పులేదు, ఎంతకి పెంచారో చెప్పాలి.

మన వాతావరణం గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే విదేశీ పుస్తకాల్లో ఉన్న సలహాలు ఇక్కడ సరిపోవు. నెల్లూరు జిల్లాకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుఫాను వచ్చిందంటే గోడలు వారాల తరబడి చెమరుస్తాయి. ఆ మూడు నెలలూ అర గోడకు బెత్తెడు దూరం ఉండాలి, నేలకు జానెడు ఎత్తు ఉండాలి. చెదలు మట్టిగోడ వెంట వస్తాయి, దూరం ఉంటే దారి కనిపిస్తుంది, కనిపించిన రోజే తుడిచేయొచ్చు. నీడన ఎండిన వేపాకు, వసకొమ్ము ముక్కలు గుడ్డలో కట్టి మూలల్లో పెట్టండి. పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టొద్దు, లోపలి తేమ బూజవుతుంది. సంక్రాంతి దాటి గాలి పొడిబారాక ఒక్కొక్కటీ తీసి, నీడలో పేజీలు విప్పి ఆరనివ్వండి. రోహిణి కార్తె ఎండ పడే కిటికీ పక్కన మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, ముందుగా వెలిసిపోయేది ఎరుపు. చినిగిన చోట సెల్లోటేపు అతికించడం నిషేధం అనుకోండి.

అర సగం నిండాక మీరే ఒక పుస్తకం చేయాలి. జలదంకి, కలిగిరి, వింజమూరు, ఉదయగిరి చుట్టుపక్కల కిరాణా కొట్లలో, పాత ట్రంకు పెట్టెల్లో, బీడీ కట్టల లేబుళ్లు, ఊదొత్తుల పెట్టెలు, బియ్యం బస్తాల గుర్తులు, టపాసుల కాగితాలు ఇంకా మిగిలి ఉన్నాయి. వాటి మీద ఒక్క పుస్తకం కూడా నా కంటపడలేదు. ఒక్కొక్కదాన్ని రెండు వైపులా 600 డీపీఐలో స్కాన్ చేయించండి, పక్కన స్కేలు పెట్టి. చించకుండా, నీళ్లలో నానబెట్టకుండా, ఉన్నది ఉన్నట్టు. నలభై యాభై లేబుళ్లు పోగయ్యాక కావలిలోనో నెల్లూరులోనో ఫొటో ఆల్బమ్ వేసేవాళ్ల దగ్గర గట్టి అట్టతో ఒకటి రెండు ప్రతులు తీయించండి. ఇంట్లో చూసుకోవడానికి తీసుకున్న ప్రతి వేరు, అచ్చేసి అమ్మడం వేరు. గీసినవాళ్ల పేరు తెలియని బొమ్మకు మన చట్టంలో అచ్చయిన ఏడాది తర్వాత 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది, పేరు తెలిస్తే ఆ చిత్రకారుడు పోయాక 60 ఏళ్లు. అమ్మే ఆలోచన ఉంటే ముందు కంపెనీని వెతికి అనుమతి అడగండి.

ప్రతి బొమ్మ కింద రాయాల్సినవి: ఎవరింట్లో దొరికింది, ఏ ఊళ్లో అమ్మారు, ప్రెస్సు లైను ఉంటే అందులో ఏముంది, వెనక వైపు పెన్సిలుతో ఏదైనా లెక్క రాసి ఉందా. లేబులు ఇచ్చినవాళ్ల పేరు వాళ్లు ఒప్పుకుంటేనే రాయండి. రెండో ప్రతిని ఊరి హైస్కూలుకు ఇచ్చేటప్పుడు హెడ్‌మాస్టరుగారితో ఒక్క మాట చెప్పండి: పిల్లలు దాన్ని అద్దాల బీరువాలో చూడకూడదు, చేత్తో తిప్పాలి.